ఓటు గుర్తింపు – మగ్గపు వీధి కష్టము

ఒకరి ఓటు మరొకరు వేయకుండుటకు గుర్తింపు చూపవలెననుట న్యాయమే. ఫోటో కార్డులు 1993లో వచ్చినది అందులకే. ఐతే ఆ కట్టుబాటు వలన నిజమైన ఓటరు వెనుదిరిగి పోరాదు.

తమిళనాట మనవారి సంగతి చూడుడు. తమిళ లిపిలో క, గ లకు అక్షరమొక్కటే. గుర్రం వారు వేరొక కాగితమున కుర్రం వారగుదురు. కార్డులోని స్వల్ప దోషములను, మనిషి గుర్తు తెలిసినచో, పాటింపనక్కరలేదని ఎన్నికల సంఘమే చెప్పినది. 2024 లోక్‌సభ ఎన్నికలలో కార్డు లేనివారికి ఆధార్, ఫోటో గల బ్యాంకు పాసుబుక్కు మొదలగు 12 పత్రములను అంగీకరించినది. కాని జాబితాలో పేరు లేనిచో ఏ పత్రమును పనికిరాదు.

అద్దె ఇండ్లు మారు నేతపనివారికి చిక్కు అక్కడనే. మారినప్పుడెల్ల 8వ నంబరు ఫారము ఇయ్యవలెను. దానికై తిరిగిన దినము మగ్గము ఆగును, కూలి పోవును.

కావున తనిఖీ సడలింపుమని మనము కోరరాదు. జాబితా దిద్దు ఉద్యోగి మగ్గముల వీధికే వచ్చి, సంఘపు ఆవరణలో కూర్చుండి ఫారములు తీసుకొనవలెనని కోరవలెను. సంఘములును సభ్యుల పేర్లను అన్ని పుస్తకములలో ఒకే తీరున వ్రాయవలెను.

రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమును ఈ మేరకు తీర్మానించి జిల్లా ఎన్నికల అధికారికి పంపవలెనని మనవి.