జీతం ఎవరిచ్చారు?

పోయిన సంక్రాంతి సెలవుల్లో చిన్నాన్న వాళ్ళతో పులికాట్ వెళ్ళాం. సూళ్లూరుపేట వైపు నుంచి సరస్సు చాలాసార్లు చూశా గానీ, దక్షిణాన తమిళనాడులో ఉన్న పులికాట్ ఊరు చూడటం అదే మొదటిసారి. 1613లో డచ్ వాళ్ళు కట్టిన గెల్‌డ్రియా కోట ఆనవాళ్ళు, వాళ్ళ సమాధులు చూస్తుంటే మా తమ్ముడు అడిగాడు: "అన్నా, డచ్ వాళ్ళది కంపెనీ కదా, కంపెనీకి కోట, సిపాయిలు ఏంది?"

నా దగ్గర జవాబు లేదు. విచిత్రం ఏంటంటే, నెపోలియన్ సైన్యం గురించి అడిగుంటే గంట చెప్పేవాణ్ణి.

నిజంగానే ఆ సైన్యం నిర్మాణం మన సీఎస్ఈ వాళ్ళకి తెగ నచ్చుతుంది. నెపోలియన్ సైన్యాన్ని 'కోర్'లుగా విడగొట్టాడు (ప్రాసెసర్ కోర్ కాదు, సైనిక దళం). ప్రతి కోర్‌కీ సొంత కాల్బలం, గుర్రపు దళం, ఫిరంగులు, సొంత సిబ్బంది ఉంటారు. వేరువేరు దారుల్లో నడిచి యుద్ధానికి ఒకచోట చేరతాయి. ఒక కోర్ ఒంటరిగా చిక్కుకున్నా, మిగతావి వచ్చేదాకా నిలబడగలదు. 1806 అక్టోబర్ 14న ఆవర్‌స్టాట్ దగ్గర దావూ ఒక్క కోర్‌తో, తనకంటే రెట్టింపు ఉన్న ప్రష్యా ప్రధాన సైన్యాన్ని ఓడించాడు. నెపోలియన్ మనసులో మాటని స్పష్టమైన ఆర్డర్లుగా మార్చి అందరికీ పంపే పని బెర్తియే చూసుకునేవాడు. 1815లో ఆయన లేడు. వాటర్లూ రోజు గ్రూషీ ముప్పై వేలకు పైగా సైన్యంతో వేరేచోట ఉండిపోయాడు. ఇదంతా చార్టు గీసి చూపించొచ్చు. నేను గీశాను కూడా.

కానీ నా అభిప్రాయం ఏంటంటే, ఈ చార్టులో అసలు బాణం ఒకటి ఉండదు. జీతం బాణం. అది లేకపోతే ఏమవుతుందో చూడటానికి ఫ్రాన్స్ దాకా పోనక్కర్లేదు, హైదరాబాద్ చాలు.

నెపోలియన్ చక్రవర్తి కాకముందే నిజాం అలీ ఖాన్ దగ్గర ఒక ఫ్రెంచ్ సైన్యం ఉండేది. దాని నాయకుడు మిషెల్ రేమండ్. మూసారాంబాగ్ పేరు 'మస్యూ రేమండ్' నుంచే వచ్చిందంటారు. గన్‌ఫౌండ్రీ పేరేమో ఆయన ఫిరంగుల కార్ఖానా వల్ల వచ్చింది. యూరప్ పద్ధతిలో బెటాలియన్లు, పైన ఫ్రెంచ్ ఆఫీసర్లు, కింద పది వేలకు పైగా మన సిపాయిలు. 1795లో ఖర్దా యుద్ధం తర్వాత ఇందులో కొంత భాగాన్ని కడప వైపు పంపితే, పక్కనే ఉన్న ఇంగ్లీషు కంపెనీ కంగారుపడింది. అంటే చార్టు బాగానే ఉంది.

1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. పిరాన్ వచ్చాడు. సెప్టెంబర్ 1న నిజాం కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు: ఫ్రెంచ్ దళాన్ని రద్దు చేయాలి, బదులుగా కంపెనీ ఆరు బెటాలియన్లు ఇస్తుంది, దానికి ఏడాదికి 24,17,100 రూపాయలు కట్టాలి. అక్టోబర్‌లో కంపెనీ పటాలాలు చుట్టుముట్టే సమయానికి సిపాయిలకి జీతాలు బకాయి. వాళ్ళు తిరగబడింది కంపెనీ మీద కాదు, సొంత ఆఫీసర్ల మీద. అక్టోబర్ 22న ఆ సైన్యం యుద్ధం లేకుండానే ఆయుధాలు దించేసింది.

వాళ్ళు పిరికివాళ్ళని నేను అనను. ఆర్డర్ ఇచ్చేది ఫ్రెంచ్ వాడు, జీతం ఇవ్వాల్సింది నిజాం, ఆ నిజామేమో ఇంగ్లీషు వాళ్ళతో సంతకం పెట్టేశాడు. మూడు బాణాలు మూడు వైపులకి. ఆ సిపాయి ఎవరి కోసం చావాలి? నెపోలియన్ సైనికుడికి కనీసం 'నా దేశం' అనే మాటైనా ఉంది. ఇతనికి బకాయి మాత్రమే ఉంది.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఇది రాసేవాణ్ణి కాదు. కొత్త సైన్యానికి కూడా జీతం ఇవ్వాలి కదా! 1800 అక్టోబర్‌లో, ఆ ఖర్చు కింద, మైసూరు యుద్ధాల్లో తన వాటాకొచ్చిన కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలని నిజాం కంపెనీకి రాసిచ్చేశాడు. అవే దత్తమండలాలు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలోనే ఉండేవి, కాబట్టి అవీ ఆ లెక్కలో పోయినవే. 'రాయలసీమ' అనే పేరు 1928లో నంద్యాల సభలో పెట్టుకున్నాం. అంతకుముందు నూరేళ్ళకు పైగా మన పేరే ఒక సైన్యం జీతం రశీదు.

స్కూల్లో ఇది సబ్సిడరీ అలయన్స్ అనే రెండు మార్కుల ప్రశ్న. డెఫినిషన్ బట్టీ పట్టి రెండు మార్కులూ తెచ్చుకున్నా. ఆ సబ్సిడీ మా నేలేనని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నెపోలియన్‌ని చదవొద్దని కాదు. చదవండి, ఆ కోర్ సిస్టమ్ నిజంగా గొప్పది. కానీ ఏ చార్టు చూసినా, అది సైన్యానిదైనా, రేపు మనం చేరబోయే కంపెనీదైనా, ఎవరు ఎవరికి రిపోర్ట్ చేస్తారో చూసి ఆగిపోకండి. డబ్బు ఎవరిస్తున్నారు, అది ఎవరి దగ్గర వసూలవుతోంది అని కూడా అడగండి.

తమ్ముడి ప్రశ్నకి ఇప్పుడు నా జవాబు ఇదే: జీతం ఇవ్వగలిగితే కంపెనీకీ సైన్యం ఉంటుందిరా. ఆ జీతం మాత్రం చివరికి మనలాంటి ఊళ్ళే కడతాయి.