పందిట్లో మిగతావాళ్లు

పెళ్లి ఆల్బం నిండా వధూవరులే. ఈ ప్రత్యేక సంచికలో వాళ్లను కాసేపు పీటల మీదే ఉండనిచ్చి, చుట్టూ తిరిగేవాళ్లను పరిచయం చేస్తున్నాం.

ముందు మేనమామ. గౌరీపూజ చేసుకున్న మేనకోడల్ని వెదురు గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది ఆయనే. నడుంనొప్పి సంగతి అడిగితే ‘అబ్బే, నాకేం’ అంటాడు. గంపకు ఇంకో ఇద్దరు చెయ్యి వెయ్యకపోతే తెలిసేది! కన్యాదానం చేసే తండ్రి కన్నా ఈ మామకే పందిట్లో చనువెక్కువని మా అభిప్రాయం.

గొడుగు, పాంకోళ్లతో కాశీకి బయల్దేరిన బావగారి గడ్డం పట్టుకుని, బెల్లం ముక్క పెట్టి వెనక్కి తిప్పేది బావమరిది. గృహప్రవేశం వేళ గుమ్మానికి అడ్డంపడి, ఒకరి పేరు ఒకరు చెప్తేగానీ లోపలికి రానివ్వనిది ఆడపడుచు. తోడిపెళ్లికూతురిది మాత్రం పెద్దగా మాటల్లేని పాత్ర: ముస్తాబై పక్కన కూర్చోవడమే.

అమెరికాలో మన పిల్లల పెళ్లిళ్లలో ఒకే రంగు లంగావోణీల స్నేహితురాళ్లు వరసగా నడిచొస్తున్నారు, వాళ్ల పేర్లు కార్డులో అచ్చవుతున్నాయి. ముచ్చటగానే ఉంది. ఆ కార్డులో మేనమామ పేరు కూడా వేయించండి, అలుగుతాడు.

జీలకర్ర బెల్లం దాకా అడ్డుతెర పట్టుకుని నిలబడేవాళ్ల కబుర్లు చివరి పేజీల్లో ఉన్నాయి. ముందు అవే చదవండి.