కన్నుకు విందు, చెవికి పస్తు

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ఒక భవనము కట్టుకొనుట యనిన పెద్ద వ్రతము. చందాలు పోగుచేసి, స్థలము సంపాదించి, శంకుస్థాపన జరిపి, ఏండ్ల తరబడి శ్రమించినగాని అది పూర్తి కాదు. అంతటి శ్రమకు ఫలముగా లేచు భవనములలో నేడు కొందరు ఏమి కోరుచున్నారో చూడుడు. నాలుగు గోడలకును తెరలట, పైకప్పున ప్రొజెక్టర్లట, మూలమూలను స్పీకర్లట. లోపల అడుగిడినవాడు గోదావరిలో మునిగినట్లును, కోనసీమ కొబ్బరితోటలో నిలిచినట్లును భ్రమింపవలెనట. దీనికి ‘ఇమ్మర్సివ్’ అను ఆంగ్లనామము వాడుకలోనికి వచ్చినది. మనుష్యుని నిలువున ముంచివేయునది యని దాని భావము.

ఈ వ్యాసము ఆ వ్యామోహమునకు ప్రతికూలముగా వ్రాయబడినది. ఇంద్రియములన్నిటిని మేలుకొలుపు గదిని కట్టుట గొప్ప విద్య. అది మనకు ఉండిన విద్య. ఇప్పుడు దానిపేరట అమ్ముడగుచున్నది మాత్రము ఆ విద్య కాదు, దాని పటము.

మొదట ఈ క్రొత్త వస్తువును పరీక్షింతము. పారిస్ నగరములో ఒక పాత లోహపు కార్ఖానాను 2018లో ఇట్టి దీపప్రదర్శనశాలగా మార్చిరి. వాన్ గో చిత్రములను గోడలపై పారించు ప్రదర్శనము 2023లో ముంబయికి వచ్చి, పిదప మన ఇతర నగరములకును సాగినది. వాన్ గో 1889లో చిత్రించిన నక్షత్రరాత్రి పటము సుమారు 74 సెంటీమీటర్ల ఎత్తు, 92 సెంటీమీటర్ల వెడల్పు గలది. దానిని ఇంటి యెత్తున పెంచి, నేలపై నీటివలె పారించి చూపినపుడు ప్రేక్షకుడు అబ్బురపడుట సహజమే. కాని మందముగా పులిమిన రంగులో నిలిచిన చిత్రకారుని చేతిజాడ అందు కానరాదు. పటము నెదుట నిలిచి, తానే దగ్గరకు జరిగి, తానే వెనుకకు తగ్గి చూచెడి పనియు ప్రేక్షకునకు మిగులదు. ఇంతటి ఆర్భాటములో పలకరింపబడినది ముఖ్యముగా కన్ను ఒక్కటే. పాదమునకు తగులునది ఎక్కడను ఉండెడి చదును నేల. చర్మమునకు సోకునది ఎక్కడను వీచెడి యంత్రపు చల్లదనము. ముక్కునకు పనియే లేదు. చెవికి వినబడునది ముందే ముద్రించిన వాద్యఘోష. ఫిన్లండు దేశపు వాస్తుశిల్పి యూహాని పల్లాస్మా 1996లో ఒక గ్రంథము వెలువరించి, ఆధునిక వాస్తువు కంటికి దాస్యము చేసి తక్కిన ఇంద్రియములను పస్తుంచుచున్నదని వాదించెను. ఆ వాదము ఈ తెరల గదులకు ముమ్మాటికిని వర్తించును.

ఇక మన మండువా లోగిలిని తలచుకొనుడు. వీధి యెండకు కండ్లు జిగేలుమనుచుండగా అరుగెక్కిన వానిని మొదట తాకునది వసారా నీడ. కాళ్ళు కడుగుకొని లోనికి పోవునపుడు గడపకు కాలెత్తవలెను, ద్వారబంధమునకు తల వంచవలెను. నడవ చీకటిలో నాలుగడుగులు వేయునంతలో ఇంటి నడుమ ఆకాశము తెరచుకొనును. చుట్టును లోపలికి వాలిన పెంకుల కప్పు, దాని క్రింద స్తంభముల వరుస, నడుమ చదరపు గుంట. వాన కురిసినపుడు నాలుగు చూరులనుండి నీరు ఆ గుంటలోనికి దుముకును. ఇల్లంతయు ఆ చప్పుడుతోను, తడిమట్టి వాసనతోను నిండును. వేసవిలో కిటికీలకు కట్టిన వట్టివేళ్ళ తడికపై నీళ్ళు చల్లినచో, ఆ నీరు ఆవిరియగుచు గాలిని చల్లబరచును, పరిమళమును మోసికొనివచ్చును. అక్కడ ఋతువు బొమ్మగా కాక తానే నడచి లోపలికి వచ్చెడిది. ఆ ఇల్లు మనుష్యుని ముంచలేదు, మేలుకొల్పినది.

ఈ మాటకు సాహిత్యమే సాక్షి. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఆతిథ్యమును వర్ణించినపుడు ఇంటి వైభవమును గాక ఋతువునకు తగిన వంటను ముందుంచెను. వానకాలమున కొబ్బరి చిప్పల మంటపై వంట, పప్పు, వడియములు, వరుగులు. చలికాలమున మిరియపు పొడుల ఘాటు, ఆరని వేడి కూరలు. వేసవిలో చందనము, చెరకురసము, లేత కొబ్బరినీరు, పలుచని మజ్జిగ. చదువరికి ఆ ఇంటి గోడల కొలతలు తెలియవు. అయినను ఆ ఇంటిలో తాను కూర్చుండినట్లే యుండును. శ్రీవిల్లిపుత్తూరు నేడు తమిళనాడులోనిది. ఆ ఇంటిని తెలుగున నిలిపినవాడు విజయనగర చక్రవర్తి. మనవంటి ప్రవాసులకు ఇంతకన్న దగ్గరి ప్రమాణము వేరేల?

తంజావూరు రాజభవనమునందు నాయకరాజుల కాలపు సంగీత మహలు నేటికిని నిలిచియున్నది. 1673లో ముగిసిన ఆ రాజ్యమున తెలుగు యక్షగానము రాజసభను ఏలినది. ఆ కాలమున మైకు లేదు; గాయకుని గొంతును కడపటి వరుసకు చేర్చుపని గోడలది, కప్పుది, కొలతలది. ఆ దాపుననే మేలట్టూరు కలదు. వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకములను నరసింహ జయంతి సమయమున అక్కడి భాగవతమేళము వారు వరదరాజ పెరుమాళ్ కోవెల యెదుట రాత్రివేళ ఆడుదురు. అచట వీధియే గది. రాత్రియే తెర. ప్రహ్లాద చరిత్రములో నరసింహుని ముఖము వెలుపలికి వచ్చు ఘడియకై జనులు గంటలకొలది వేచియుందురు. ఆ వేచియుండుటయే రక్తి. బొత్తాము నొక్కగానే నరసింహుడు గోడపై దుమికినచో భయమును లేదు, భక్తియు లేదు, ఉలికిపాటు మాత్రమే మిగులును.

ఇచట ఒక నిజమును దాచరాదు. ఆ లోగిళ్ళ గడప అందరికొరకు కట్టబడలేదు. కొన్ని కులములవారిని అరుగు క్రిందనే నిలిపినారు. స్త్రీలను తలుపు చాటుననే ఉంచినారు. నట్టింటి గాలి, వెలుతురు కొందరి సొత్తయినవి. కావున పాత ఇంటిని పూజింపుడని నేను చెప్పుట లేదు. ఆ విద్యను గ్రహించి, ఆ వెలిని విడువవలెను. సంఘభవనమునకు ఉండదగిన గడప పాదమును హెచ్చరించునదే గాని మనుష్యుని ఆపునది కాదు.

ఇది ప్రాచీనతకును నవీనతకును జరుగు కలహమును కాదు. నేటి పాశ్చాత్యులలో మేటి శిల్పులు ఇదే త్రోవ త్రొక్కినారు. స్విట్జర్లాండు శిల్పి పీటర్ జుంథోర్ 1996లో వాల్స్ గ్రామమున స్థానికమైన రాతి పలకలతో ఒక స్నానశాల కట్టెను. ఒక గదిలోని నీరు 42 డిగ్రీలు, మరియొక గదిలోనిది 14 డిగ్రీలు; ఇంకొకచోట పూలరేకులు తేలెడి నీరు. రాయి, నీరు, ఆవిరి, మసక వెలుతురు, ఇంతే సామగ్రి. అతడే జర్మనీలో రైతుల పూనికతో 2007లో పూర్తియైన చిన్న ప్రార్థనామందిరమునకు 112 చెట్ల మ్రానులను గుడారమువలె నిలిపి, చుట్టును కాంక్రీటు పోయించి, లోపలి మ్రానులను కాల్చివేయించెను. మిగిలిన గోడలు నల్లని చారలతో నిలిచినవి. కాలిన కట్టె జాడ ఆ గోడలయందే యున్నది. అచట తెర లేదు, స్పీకరు లేదు.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తును. తెలుగు సంఘమున కట్టబడు గదికి మొదటి ధర్మమేది? తెలుగుమాట స్పష్టముగా వినబడుట. వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో, బడిలో ఆంగ్లమో వినెడి మన పిల్లలకు తెలుగు కంటిద్వారా రాదు, చెవిద్వారా వచ్చును. ఆ చెవినే మన సభాభవనములు పస్తుంచుచున్నవి. నున్నని పలకల నేల, అద్దముల కిటికీలు, గట్టి సిమెంటు గోడలు. వక్త నోరు విప్పగానే మాట గోడనుండి గోడకు తగిలి, ఒకదానిపై నొకటి పడి ముద్దయగును. మైకు పెంచుదుము, ముద్ద పెద్దదగును. అంతే.

దీనికి శాస్త్రము లేకపోలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయమున వాలెస్ సాబిన్ అను ఆచార్యుడు 1895 మొదలుకొని ఒక ఉపన్యాసశాలలో మెత్తలు పరచుచు, తీయుచు, మాట ఆగిన పిదప ధ్వని ఎంతసేపు మ్రోగుచున్నదో కొలిచెను. ఆ మ్రోతకు అనురణనమని పేరు. 1900లో తెరచిన బోస్టన్ సింఫనీ హాలు అతని లెక్కలతో కట్టబడినది. గది ఘనపరిమాణమును ఘనమీటర్లలో తీసికొని 0.161తో గుణించి, గదిలో ధ్వనిని పీల్చుకొను వైశాల్యముతో భాగించినచో అనురణనకాలము సెకండ్లలో వచ్చును. 20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు గల ఒక శాలను ఊహింపుడు. దాని పరిమాణము 1200 ఘనమీటర్లు. నున్నని గోడలు, నేల, కప్పు కలిసి పీల్చునది సుమారు 40 చదరపు మీటర్లకు సమానమనుకొందము. ఖాళీ శాలలో మ్రోత దాదాపు 5 సెకండ్లు నిలుచును. మనిషి ఒక్కనికి 0.45 చొప్పున లెక్కించిన, 200 మంది కూర్చున్నపుడు అది 1.5 సెకండ్లకు దిగును. మాటకు కావలసినది సుమారు 1 సెకండు. కాని మన సాహిత్యసభకు వచ్చువారు 40 మంది! అపుడు 3 సెకండ్లకు పైమాటయే. పెండ్లికి నిండిన శాల కొంత వినబడును. పద్యపఠనమునకు పలుచనైన శాల మనలను చెవిటివారిని చేయును.

తెలుగునకు ఈ మ్రోత మరింత శత్రువు. మన భాషలో అచ్చు హ్రస్వమా దీర్ఘమా యనుదానిపై అర్థము నిలుచును. కలము వేరు, కాలము వేరు. ద్విత్వమున నాలుక ఒక క్షణము ఆగుట చేతనే గుడి గుడ్డి గాకున్నది, కల కల్ల గాకున్నది. ఆ క్షణకాలపు మౌనమును మ్రోత పూడ్చివేయును. ఇంటిలో తెలుగు పుట్టిపెరిగిన వృద్ధుడు సందర్భమునుబట్టి మాటను ఊహించుకొనును. భాష అంతంతగా వచ్చిన బాలునకు ఆ ఊహ అందదు. వాడు రెండు సభలకు వచ్చి, ఏమియు తెలియక, మూడవసారి రానని మొరాయించును. అపుడు మనము పిల్లలకు భాషాభిమానము లేదని నిట్టూర్తుము. లోపము వాని అభిమానమున లేదు, మన గోడలలో ఉన్నది.

తెరలు లేనిదే పిల్లలు రారని కొందరి ఆక్షేపణ. తెరలకొరకు వచ్చిన బాలుడు అంతకన్న పెద్ద తెర యున్నచోటికి పోవును. తెర వాని జేబులోనే యున్నది. వాని జేబులో లేనివి రోటి చప్పుడు, సాంబ్రాణి పొగ, పాదము క్రింద కడపరాతి చల్లదనము, ఎదుట కూర్చుండి పేరు పెట్టి పిలిచి కథ చెప్పు అమ్మమ్మ గొంతు. ఆ లేనివానినే మన భవనము ఈయవలెను.

ఖర్చు మాటయేమని మరికొందరు. ప్రొజెక్టరు దీపము క్షీణించును, దానిని నడపు ఏర్పాటులు కొన్ని యేండ్లకే పాతబడును. మనము ఊహించిన శాలలోనే కప్పునందును వెనుక గోడయందును 200 చదరపు మీటర్ల మేర ధ్వనిని బాగుగా పీల్చు మందపు కొబ్బరిపీచు పలకలనో, దళసరి నూలు తెరలనో అమర్చినచో, 40 మంది యున్న సభయందును మ్రోత సుమారు 1 సెకండునకు వచ్చును. ఇది వడ్రంగి పని, దర్జీ పని. పరదేశపు యంత్రముల పని కాదు. పెండ్లిండ్లకు అద్దెకీయవలెను గదా యని వేరొకరు. ఈయుడు, ఆ అద్దె లేక సంఘము బ్రదుకదు. మాట తేటగా వినబడు శాలలో మంత్రమును, మంగళవాద్యమును తేటగానే వినబడును. ఇంకను కావలసినచో, 40 మందికి సరిపడు చిన్నగదిని సాహిత్యమునకై వేరుగా కట్టుడు. ఒక గది సర్వకార్యములకును చాలునను లోభమే ఈ దురవస్థకు మూలము.

కావున భవననిర్మాణసంఘముల పెద్దలకు నా విన్నపమిది. వీధికిని శాలకును నడుమ ఒక వసారా విడువుడు. వచ్చినవాని కన్ను, చెవి అచట కుదుటపడవలెను. చెప్పులు విప్పి నడచుటకు రాతినేల పరచుడు. భోజనశాలను దూరముగా ఉంచుడు. పళ్ళెముల చప్పుడు పద్యమును చంపరాదు, పోపు వాసన మాత్రము రావచ్చును. ఒక్క కిటికీనైనను వానకు తెరచునట్లు పెట్టుడు. నమూనా చిత్రములను చూచి మురిసి సంతకము చేయకుడు. మీ శిల్పిని ఒక్క ప్రశ్న అడుగుడు: “మైకు లేకుండ, 40 మంది నడుమ, కడపటి వరుసలోని ఎనిమిదేండ్ల పిల్లకు తెలుగు పద్యము అక్షరమక్షరము వినబడునా?” అతడు అవునని లెక్కవేసి చూపినగాని పునాది త్రవ్వనీయకుడు.