ఇంటర్న్ అనుకుంటున్నారా? పన్ను లెక్కలో మీరో చిన్న వ్యాపారి!

ఆఫర్ మెయిల్ రాగానే మనం ముందు చూసేది స్టైపెండ్ ఎంతో. తర్వాత జాయినింగ్ తేదీ. కింద ఎక్కడో 'కన్సల్టెంట్', 'ప్రొఫెషనల్ ఫీజు' అన్న మాటలు ఉంటాయి. వాటి దగ్గర ఆగి చదివేవాళ్లు తక్కువ. కానీ మీ హోదాను మార్చేది ఆ మాటలే. ఆదాయపు పన్ను శాఖ లెక్కలో మీకొచ్చేది జీతం కాదు, వృత్తి ఆదాయం. అంటే మీరు సొంతంగా సేవలు అమ్ముకునే చిన్న వ్యాపారి. షాపు, బోర్డు, విజిటింగ్ కార్డు ఏమీ లేకపోయినా సరే!

ఇంటర్న్‌లను ఇలా తీసుకునే స్టార్టప్‌లు చాలానే ఉన్నాయి. పీఎఫ్ ఉండదు, ఫారం-16 ఇవ్వరు. సాధారణంగా 10 శాతం టీడీఎస్ కోసి మిగతాది ఖాతాలో వేస్తారు. కొందరు సాంకేతిక సేవ కింద చూపి 2 శాతమే కోస్తారు. ఒక సంస్థ ఏడాదిలో ఇచ్చే ఫీజు 50 వేలు దాటితే ఈ కోత ఉంటుంది. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 30 వేలే. మీరు పాన్ ఇవ్వకపోతే ఏకంగా 20 శాతం పోతుంది.

చిన్న లెక్క వేద్దాం. నెలకు 40 వేల చొప్పున ఆరు నెలలు పనిచేశారు. మొత్తం 2.4 లక్షలు. అందులో 24 వేలు టీడీఎస్‌గా పోయింది. మీకు ఇంకే ఆదాయమూ లేదనుకుంటే కట్టాల్సిన పన్ను సున్నా. కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు కదా. మరి ఆ 24 వేలు? రిటర్న్ వేస్తేనే వెనక్కి వస్తాయి.

'12 లక్షల దాకా పన్ను లేదు' అని 2025 బడ్జెట్ తర్వాత అందరి నోటా విన్నాం. అది నిజమే. కానీ చాలామంది దాన్ని 'రిటర్న్ అక్కర్లేదు' అని అర్థం చేసుకున్నారు. ఆ రెండూ ఒకటి కావు. 4 లక్షలు దాటిన ఆదాయానికి వచ్చే రిబేటు రిటర్న్‌లో లెక్క చూపాకే వర్తిస్తుంది. ఆదాయం ఎంత తక్కువైనా, ఏడాదిలో మీ పేరున కోసిన టీడీఎస్ 25 వేలకు చేరితే రిటర్న్ వేయడం తప్పనిసరి.

సాఫ్ట్‌వేర్, ఇంజినీరింగ్, టెక్నికల్ కన్సల్టెన్సీ లాంటి వృత్తుల వాళ్లకు 44ఏడీఏ అనే సెక్షన్ పెద్ద వెసులుబాటు. వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు, ఖర్చులకు పుస్తకాలు రాయక్కర్లేదు. పై ఉదాహరణలో మీ ఆదాయం 1.2 లక్షలే అవుతుంది. నిజంగా మిగిలింది సగం కంటే ఎక్కువైతే ఆ ఎక్కువే చూపాలని చట్టం ఉద్దేశం. ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్ మీద పనిచేసేవాడికి సగం ఖర్చు ఎక్కడిది అని మీకే అనిపిస్తే, ఆ అనుమానం సబబే! ఇలా వేసేవాళ్లకు పనికొచ్చేది ఐటీఆర్-4. జీతగాళ్లు వేసే ఐటీఆర్-1లో ఈ ఆదాయం చూపకూడదు. ఫ్రెషర్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే.

నా సంగతి చెబుతా. ఇంజినీరింగ్ అయ్యాక ఓ చిన్న కంపెనీకి వెబ్‌సైట్ చేసిపెట్టా. టీడీఎస్ పోగా డబ్బులు వేశారు. ఏడాది తిరిగాక పోర్టల్‌లో 26ఏఎస్ తెరిచి చూస్తే నా పేరున పైసా లేదు. నా దగ్గర కోశారు, ప్రభుత్వానికి కట్టలేదు. ఫోన్ చేస్తే 'అకౌంటెంట్ మారిపోయాడు' అన్నారు. గట్టిగా అడుగుదామంటే చేతిలో ఇన్‌వాయిస్ కూడా లేదు. వాట్సాప్‌లో 'డన్ బ్రో' అన్న మెసేజ్ తప్ప! ఆ డబ్బు మీద ఆశ వదిలేసుకున్నా.

అందుకే పన్నుల సీజన్ అంటే జులై అనుకోకండి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఇప్పుడే ప్రతి చెల్లింపుకూ తేదీ, నంబరు, మీ పాన్ వేసి ఒక ఇన్‌వాయిస్ తయారు చేసుకోండి. వర్డ్ ఫైల్ అయినా చాలు. ఫీజులు పడే ఖాతా విడిగా ఉంటే ఇంకా మంచిది. ఇంటి నుంచి నాన్న పంపే డబ్బు, క్లయింట్ ఇచ్చిన డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోతే ఆరు నెలల తర్వాత విడదీయడం నరకం. బాగా సంపాదించే ఫ్రీలాన్సర్లు మార్చి 15నూ గుర్తుంచుకోవాలి. 44ఏడీఏ ఎంచుకునేవాళ్లకు టీడీఎస్ పోను ఇంకా 10 వేలు, ఆపైన పన్ను తేలేట్టుంటే ఆ తేదీలోగా అడ్వాన్స్ ట్యాక్స్ కట్టేయాలి.

జనవరి-మార్చి టీడీఎస్ వివరాలు ఇచ్చేందుకు కంపెనీలకు మే 31 దాకా గడువు ఉంటుంది. కాబట్టి 26ఏఎస్‌ను, దాంతోపాటు ఏఐఎస్‌ను జూన్ మధ్యలో ఓసారి చూడండి. తేడా ఉంటే అప్పుడే కంపెనీ వెంటపడొచ్చు.

ఈసారి ఇంకో గందరగోళం కూడా ఉంది. 1961 నాటి చట్టం స్థానంలో కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తోంది. సెక్షన్ల సంఖ్య 819 నుంచి 536కు తగ్గింది, నంబర్లన్నీ మారాయి. 'అసెస్‌మెంట్ ఇయర్' పోయి 'ట్యాక్స్ ఇయర్' వస్తోంది. యూట్యూబ్‌లో ఈ వీడియోలు చూసి కంగారు పడొద్దు. 2025-26 ఆదాయానికి మీరు వేసే రిటర్న్ పాత చట్టం కిందే.

జీఎస్టీ గురించి చాలామంది అడుగుతుంటారు. సేవలు మాత్రమే అందించేవాళ్లకు మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దాని గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకండి.

ఆఫర్‌కు ఓకే చెప్పేముందు మాత్రం హెచ్ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి: 'ఇది జీతమా, ప్రొఫెషనల్ ఫీజా? టీడీఎస్ ఎంత శాతం? ఫారం-16ఏ ఎప్పుడిస్తారు?' జవాబు ఫోన్లో చెప్పినా, మళ్లీ మెయిల్‌లోనే రాయమనండి.