పోలీసా, కాదా? ముందు అది తేల్చండి

1841లో అమెరికాలోని బోస్టన్ పోలీసు కోర్టులో చినిగిన బట్టల తాగుబోతు ఒకణ్ణి జైలుకు పంపబోతున్నారు. ఆ రోజు కోర్టులో ఉన్న జాన్ ఆగస్టస్ అనే బూట్లు కుట్టే ఆయన లేచి, వీడికి నేను పూచీ అన్నాడు. మూడు వారాల తర్వాత మనిషిని తిరిగి తీసుకొస్తే జడ్జి పోల్చుకోలేకపోయాడట. ఒక్క సెంటు జరిమానా, కోర్టు ఖర్చులు కట్టించుకుని వదిలేశాడు. అప్పట్నుంచి 1859లో చనిపోయేదాకా ఆయన పూచీ పడ్డవాళ్ళు దాదాపు రెండు వేల మంది. ఆయనంటే మండిపడ్డది ఎవరో తెలుసా? కోర్టు సిబ్బంది, జైలు సిబ్బంది! మనిషిని జైల్లో దింపితే వాళ్ళకి రుసుము ముట్టేది. అది పోయింది గదా మరి.

ప్రొబేషన్ అనే పని ఇలా పుట్టింది. 1878లో మసాచుసెట్స్ రాష్ట్రం దానికి చట్టం చేసింది, 1925లో ఫెడరల్ ప్రభుత్వం చేసింది. అక్కడ బూట్లు కుట్టేవాడికి మనకున్న అంటు లేదు, అది వేరే సంగతి. అయినా తోలుపని చేసిన చేతుల మీదుగా మొదలైన పని అని మనం కాస్త గర్వంగా చెప్పుకోవచ్చు. ఆ చేతిలో ఆరె ఉంది. తుపాకీ లేదు.

ఇవ్వాళ ఆ ఉద్యోగం చేసేవాళ్ళలో చాలామంది చొక్కా కింద తుపాకీ పెట్టుకుని ఇళ్ళకు వస్తున్నారు. ఫెడరల్ ప్రొబేషన్ అధికారులకు, జిల్లా కోర్టు ఒప్పుకుంటే, 1996 నుంచి చట్టమే ఆ వీలిచ్చింది. రాష్ట్రాల్లో ఒక్కోచోట ఒక్కో తీరు. కాలిఫోర్నియాలో వాళ్ళని చట్టం శాంతిభద్రతల అధికారులుగా లెక్కేస్తుంది, తుపాకీ ఇవ్వాలా వద్దా అన్నది పై అధికారి చేతిలో పెట్టింది. 2004లో ఇంకో చట్టం వచ్చింది. పోలీసు ఉద్యోగంలో ఉన్నవాడు దేశంలో ఏ రాష్ట్రానికి వెళ్ళినా తుపాకీ దాచి తీసుకెళ్ళొచ్చు అన్నది దాని సారం. దానికి పెట్టిన షరతుల్లో అరెస్టు చేసే అధికారం ఉండాలన్నది ఒకటి. ఆ ఒక్క షరతు దగ్గర ప్రొబేషన్ అధికారులు ఆగిపోయి, మేమూ ఆ లెక్కలోకి వస్తామా రామా అని అడుగుతున్నారు. వస్తామనే వాళ్ళ వాదన.

వాళ్ళు చెప్పేది మేము వినలేదని అనుకోవద్దు. 1986 సెప్టెంబరులో ఇండియానాపోలిస్‌లో ఒక ఫెడరల్ ప్రొబేషన్ అధికారి, తన పర్యవేక్షణలో ఉన్న మనిషి ఇంటికి వెళ్ళి అక్కడే కాల్పుల్లో చనిపోయాడు. పనికి పోయిన మనిషి ఇంటికి తిరిగి రాలేదు. పనిచేసే చోట ప్రాణభయం అంటే ఏమిటో మ్యాన్‌హోల్‌లోకి దిగేవాళ్ళ బిడ్డలం మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇద్దరు కలిసి వెళ్ళే ఏర్పాటు కావాలా, అడగండి. ఒక్కొక్కరి నెత్తిన అన్నేసి కేసులు రుద్దొద్దనండి. పోలీసు హోదాతో వచ్చే పెన్షన్ కావాలా, అదీ అడగండి. ఫెడరల్ అధికారులకు ఆ పెన్షన్ ఎలాగూ ఉంది, 57 ఏళ్ళకే రిటైరు చేస్తారు. ఉద్యోగి కూడు దగ్గర మాకు పేచీ లేదు.

మా పేచీ రెండు నాలుకల దగ్గర.

1983లో విస్కాన్సిన్ రాష్ట్రం బెలాయిట్ ఊళ్ళో గ్రిఫిన్ అనే మనిషి ప్రొబేషన్‌లో ఉన్నాడు. అతని ఇంట్లో తుపాకీ ఉండొచ్చని పోలీసు డిటెక్టివ్ ఒకరు ప్రొబేషన్ ఆఫీసుకు చెప్పాడు. ప్రొబేషన్ వాళ్ళు వెళ్ళి ఇల్లు సోదా చేశారు. కూడా ముగ్గురు మఫ్టీ పోలీసులు ఉన్నారు. వారంటు లేదు. తుపాకీ దొరికింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1987లో అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు అయి, సోదా చెల్లుతుందన్నారు. ఎందుకు చెల్లుతుందట? ప్రొబేషన్ అధికారి మామూలు పోలీసులాంటివాడు కాడట, తన కిందున్న మనిషి బాగు కోరేవాడట! ముగ్గురు పోలీసుల్ని వెంటేసుకుని వచ్చినవాడు!

అంతకు మూడేళ్ళ ముందు, 1984లో, మిన్నెసోటా కేసు. మర్ఫీ అనే మనిషిని ప్రొబేషన్ అధికారి ఉత్తరం రాసి పిలిపించింది. మాటల్లో పెట్టి పాత నేరం ఒప్పించింది, పోలీసులకు చెప్పింది. పోలీసు నిన్ను పట్టుకుని ప్రశ్నిస్తే, నువ్వు నోరు మూసుకునే హక్కుంది, లాయర్ని పెట్టుకునే హక్కుంది అని ముందు చెప్పి తీరాలి. ఇక్కడ ఆ హెచ్చరిక అక్కర్లేదంది కోర్టు. అతనేమీ అరెస్టులో లేడు గదా అన్నది దాని లెక్క. అతను చేసింది అత్యాచారం, హత్య. మేము అతన్ని వెనకేసుకు రావటం లేదు. కానీ ఆ తీర్పు అతనొక్కడితో ఆగదు. నిన్న రాత్రి మళ్ళీ తాగాను సార్, ఏం చెయ్యమంటారు అని అడగాలనుకునే కుర్రాడి మీద కూడా అదే పడుతుంది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వారంటు అడిగితే నేను పోలీసును కాదు, నీ మేలు కోరేవాణ్ణి. హెచ్చరిక ఏదంటే నిన్ను నేను పట్టుకోలేదుగా. తుపాకీ మాట వచ్చేసరికి మాత్రం నేను పోలీసునే! మేలు కోరేవాడి నడుముకు తూటాలెందుకు? ఇక ఎదురుగా కూర్చున్నవాడి సంగతి చూడండి. పెద్ద నేరంలో శిక్ష పడ్డ మనిషి తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవటం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అతని సోఫా మీద, పిల్లల బొమ్మల మధ్య, అధికారి నిండు తుపాకీతో కూర్చుని, ఈ నెల పని దొరికిందా అని పరామర్శిస్తాడు.

ఎదుట కూర్చున్నది ఎవరో కూడా అడగాలి. 2016 నాటి లెక్క ప్రకారం అమెరికాలో పెద్దవాళ్ళలో ప్రతి 55 మందికి ఒకరు ప్రొబేషన్‌లోనో పెరోల్‌లోనో ఉన్నారు. తెల్లవాళ్ళలో 81 మందికి ఒకరైతే నల్లవాళ్ళలో 23 మందికి ఒకరు. రాష్ట్రాల జైళ్ళలోకి పోతున్న ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు కొత్త నేరం చేసి పోవటం లేదని 2019లో వచ్చిన మరో లెక్క చెప్పింది. కలవమన్న రోజు కలవలేదు, చెప్పకుండా ఊరు దాటాడు, ఇట్లాంటి షరతు తప్పులకే పోతున్నారు. ఫిలడెల్ఫియా గాయకుడు మీక్ మిల్ కేసు అందరికీ తెలిసిందే. పంతొమ్మిదేళ్ళ వయసులో పడ్డ కేసు పదేళ్ళు వెంటాడింది. షరతులు తప్పాడని 2017 నవంబరులో రెండు నుంచి నాలుగేళ్ళ జైలు వేశారు. అతను 2018 ఏప్రిల్లో బయటికొచ్చాడు, 2019లో గానీ కేసు ముగియలేదు. ఇందులో ఒక మాట దాచకూడదు. అతన్ని జైల్లో వెయ్యొద్దనే ప్రొబేషన్ అధికారి సిఫారసు చేశారు. జడ్జి వినలేదు. ఆ సిఫారసు ఆగస్టస్ చేసిన పనికి వారసత్వం. దాని కోసం తుపాకీ ఎవరికీ అవసరం పడలేదు.

ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకు అనేవాళ్ళు స్టూవర్టుపురం వెళ్ళి ఎరుకల పెద్దల్ని అడగండి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాజధానిలో అమలు చేసి, ఆ సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టారు. పేరేమో సంస్కరణ. బడి పెట్టారు, పని చూపించారు. దాంతోపాటే హాజరు పెట్టారు, పాసు లేకుండా పొలిమేర దాటకూడదన్నారు. బాగుచేసే చేయి, పట్టుకునే చేయి ఒకే మనిషివి అయితే ఏమవుతుందో 1952లో చట్టం రద్దయ్యేదాకా తరాలు అనుభవించాయి. ఆ ముద్ర ఇంకా పోలేదు. మన దేశంలో 1958 చట్టం ప్రొబేషన్ అధికారిని సలహా ఇవ్వమంది, సాయపడమంది, అవసరమైతే పని వెతికిపెట్టమంది. తుపాకీ ఊసే అందులో లేదు. రేపు ఎవడైనా అమెరికాను చూపించి ఇక్కడా ఆ ఊసెత్తితే ఏం అడగాలో మనకు ఇప్పుడే తెలిసుండాలి.

అక్కడి నల్లజాతి సోదరులతో కలిసి మేము అడిగేది పెద్ద కోరికేం కాదు. తుపాకీ కావాలనే ప్రొబేషన్ అధికారి పోలీసుకున్న సంకెళ్ళు కూడా వేసుకోవాలి. సోదాకు వారంటు తేవాలి. ప్రశ్నించే ముందు హక్కులు చదివి వినిపించాలి. ఇంటికి వస్తే తుపాకీ ఉందని గడప బయటే చెప్పాలి. అవేవీ కుదరవంటే, దాన్ని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసి రావాలి.