పొమ్మన్నాక విద్య చెప్పాడు

పరశురాముడు కర్ణుడికి విద్య చెప్పి, ఆ తరువాత శపించి పంపేశాడు. డబ్లిన్ నగరంలో బ్రష్ షీల్స్ అనే రాక్ బృందనాయకుడు ఈ వరస తిరగేశాడు. ముందు పొమ్మన్నాడు, తరువాత విద్య చెప్పాడు.

షీల్స్ 1967లో స్కిడ్ రో అనే బృందం కట్టాడు. (తరువాత అమెరికాలో అదే పేరుతో మరో బృందం బయలుదేరింది. ఇప్పుడా పేరు వింటే జనానికి గుర్తొచ్చేది వాళ్ళే. కొందరి జాతకం అంతే!) బాస్ గిటారు షీల్స్ వాయించేవాడు. పాడడానికి ఫిల్ లైనట్ అనే కుర్రవాణ్ణి పెట్టుకున్నాడు. మరుసటి ఏడు బెల్‌ఫాస్ట్ నుంచి గారీ మూర్ గిటారు పట్టుకుని వచ్చాడు. అప్పటికతనికి 16 ఏళ్ళే. మనిషిలో విద్యను పసిగట్టడంలో షీల్స్ దిట్ట అని ఒప్పుకోక తప్పదు.

ఇంతలో లైనట్ శ్రుతి తప్పసాగాడు. టాన్సిల్స్ వల్లనని తేలి, ఆపరేషన్ చేయించుకున్నాడు. కోలుకుని వచ్చేసరికి పాట కూడా నాయకుడే పాడేస్తున్నాడు. ఇది 1969 మాట. ఇరవై ఏళ్ళ కుర్రవాడు, చేతిలో ఏ వాద్యమూ లేదు. ఉన్న ఒక్క గొంతూ అక్కర్లేదన్నారు. ఎక్కడికి పోతాడు?

షీల్స్ మనసు పీకింది కాబోలు, బాస్ నేర్పుతానన్నాడు. ఆరు తీగల గిటారుకన్నా నాలుగు తీగల బాస్ త్వరగా పట్టుబడుతుందని అతని లెక్క. రాబర్ట్ బాలా అనే వాద్యకారుడి దగ్గర తాను కొన్న బాస్‌నే కుర్రవాడికి అమ్మాడు కూడా. ఈ బాలా ఆనక చిత్రకారుడై ఐర్లండు కరెన్సీ నోట్లకు బొమ్మలు గీశాడు!

ఆ ఏడాది చివరనే లైనట్, మరి కొందరూ కలిసి థిన్ లిజీ బృందం పెట్టారు. పాడుతూ బాస్ వాయించేవాడు లైనట్. 1973లో ఒక పాత ఐరిష్ జానపద గీతంతో బ్రిటన్‌లో పేరొచ్చింది. 1976కల్లా అమెరికా దాకా పాకింది.

గురువుగారి బృందమో? 1971లో ఒక ఆల్బం 34 గంటల్లో రికార్డు చేసి, దానికి ఆ పేరే పెట్టారు. వేగానికి లోటు లేదు. ఆ ఏడాది చివర మూర్ వెళ్ళిపోయాడు, త్వరలోనే బృందం చెదిరింది. ఆ మూర్ కూడా తరువాత కొన్నాళ్ళు లైనట్ పక్కన నిలబడి వాయించాడు.

లైనట్ 1986లో, 36 ఏళ్ళకే కన్నుమూశాడు. 2005లో డబ్లిన్‌లోని హారీ వీధిలో అతని కంచు విగ్రహం నిలబెట్టారు. విగ్రహంతో పాటు బాస్ గిటారు కూడా పోతపోశారు.