పాత ఇంటికి పునఃప్రవేశం

ఇక్కడ ఛందస్సు గురించో, శతకాల గురించో చదవడానికి అలవాటుపడిన మీరు ఈనాటి విషయం చూసి నొసలు చిట్లించవచ్చు. అరవై అయిదేళ్ళు నిండిన తెలుగు పండితుడు పిల్లల ఆట గురించి వ్రాయడమేమిటని అనుకోవచ్చు. తప్పక అనుకోండి, కాని చివరివరకూ చదివి అనుకోండి.

మైన్‌క్రాఫ్ట్ అనే ఆట పేరు, ఇళ్ళలో పిల్లలున్నవారు వినే ఉంటారు. స్వీడన్ దేశస్థుడు మార్కుస్ పెర్సన్ తయారుచేసిన ఈ ఆట 2009 మే నెలలో తొలిసారి జనంలోకి వచ్చింది. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని 250 కోట్ల డాలర్లకు కొనుక్కున్నది. 2023 నాటికి 30 కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయి. ఇందులో మట్టి, రాయి, కర్ర అన్నీ మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు గల దిమ్మెలుగా ఉంటాయి. తవ్వి తెచ్చుకోవాలి, పేర్చుకోవాలి, కట్టుకోవాలి. ఇట్లా కట్టుకునే ఆటలను ఆంగ్లంలో ఇసుకపెట్టె ఆటలంటారు. ఆ మాట విన్నప్పుడల్లా, తడి ఇసుకలో పాదం పెట్టి మేము కట్టిన పిచ్చుకగూళ్ళు నాకు గుర్తుకొస్తాయి.

నాకు ఈ ఆట పరిచయమైనది 2020 వేసవిలో. కరోనా కాలం. నేను రఘునాథపల్లిలో ఇల్లు కదలలేను, మా అమ్మాయి కుటుంబం డాలస్ నగరంలో ఇల్లు కదలలేరు. మనవడికి అప్పుడు పదేళ్ళు. వాడితో మాట్లాడటానికి నా దగ్గర మాటలు లేవు. నా పద్యాలు వాడికి రావు, వాడి ఆటలు నాకు రావు. మా అల్లుడు తమ ఇంటి సంగణకంలోనే సర్వరు నెలకొల్పి, నాకొక ఖాతా కొనిపెట్టి, "మామయ్యా, మీరిద్దరూ కలిసి ఏదైనా కట్టండి" అన్నాడు. మాకు ఉదయం ఆరున్నర అయితే వారికి ముందురోజు రాత్రి ఎనిమిది. ఆ వేళకు ఇద్దరం కలుసుకునేవాళ్ళం.

ఏమి కట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు వాడు కోట అన్నాడు. కోట అంటే మా మండలంలోనే ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట ఉన్నది. 1708లో ఓరుగల్లు మీదికి దండెత్తిన ఆ వీరుని కథ చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు. కాని నాకు తెలియకుండానే నా నోటివెంట వేరే మాట వచ్చింది: "ముందు మన ఇల్లు కడదాం నాన్నా."

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. మా తాతగారు కట్టించిన భవంతి అది. నడుమ వాకిలి, చుట్టూ సాయబాను, నాలుగు వైపులా అర్రలు, మట్టిగోడలు, టేకు మొగురాలు, పైన గూనపెంకలు. అటువంటి కప్పును ఏటా ఎండాకాలంలో దింపి, పగిలిన పెంకలు మార్చి, తిరిగి కప్పించాలి. మా నాన్నగారు ఉన్నన్నాళ్ళూ కప్పించారు. ఆయన పోయిన తరువాత ఇంటికి తాళం వేసి, ఉద్యోగరీత్యా నేను ఊరూరా తిరిగాను. ఈ సంవత్సరం కాదు, వచ్చే సంవత్సరం చూద్దామనుకుంటూ ఏడెనిమిదేళ్ళు గడిపాను. దూలానికి చెదలు పట్టింది. ఒక వానాకాలం నడిమి కప్పు కూలింది. 2012లో మిగిలిన గోడలు తీయించి, అదే జాగాలో స్లాబు ఇల్లు వేసుకున్నాను. ఇప్పుడు ఉంటున్నది అందులోనే. తప్పు వానది కాదు, చెదలది అంతకంటే కాదు.

కొలతలకు మా అక్కను ఫోనులో అడిగాను. సాయబాను ఎంత పొడుగుండేదని అడిగితే, "కొలతలు నాకేమెరుక తమ్మీ, పెండ్లిల బంతికి పదిమంది కూసుండేటోళ్ళు" అన్నది. మనిషికి మూరన్నర చొప్పున లెక్కవేసి, ఏడు దిమ్మెలు పెట్టాము. మట్టిగోడ మందం రెండు మూరలు. అది మీటరుకు దగ్గరే కనుక ఒక్క దిమ్మె సరిపోయింది. గూనపెంకలు ఆ ఆటలో లేవు. ఇటుకతో చేసిన మెట్ల దిమ్మెలను వరుసగా పేరిస్తే దూరం నుంచి అట్లాగే కనిపించాయి. వరి కూడా ఆ లోకంలో లేదు. గోధుమ నాటి, వరి అనుకున్నాము. ఇదంతా చేస్తూ వాడు మొగురం, దర్వాజ, దిగూడు, గోలెం అనే మాటలు నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడిని. కంఠస్థం చేయించకుండా, పరీక్ష పెట్టకుండా ఇన్ని మాటలు ఒక పిల్లవానికి అబ్బడం నేనెక్కడా చూడలేదు.

2021 చివరలో వాడి బడి, స్నేహితులు, ఈతపోటీలు తిరిగి మొదలయ్యాయి. ఆరున్నరకు నేనొక్కడినే కూర్చున్న రోజులు కొన్ని గడిచాయి. తరువాత నేనూ మానేశాను.

ఇన్నేళ్ళ తరువాత మొన్న మళ్ళీ ప్రవేశించాను. ఆ ఆట పాత ఖాతాలను 2023 సెప్టెంబరు 19 లోగా మైక్రోసాఫ్ట్ ఖాతాలుగా మార్చుకోవాలని గడువు పెట్టారు. మా అమ్మాయి సకాలంలో మార్చి ఉంచింది కనుక సరిపోయింది. మా అల్లుడు ఆ లోకపు దస్త్రాన్ని భద్రపరచి ఉంచాడు. దానిని పంపితే నా సంగణకంలోనే తెరిచాను.

ఇల్లు ఇల్లులాగే ఉన్నది! దిగూళ్ళలో పెట్టిన దివిటీలు వెలుగుతూనే ఉన్నాయి. ఆ దివిటీలకు నూనె పోయనక్కరలేదు. మేము నాటిన గోధుమ ఏ ఎత్తున ఉండగా వదిలామో ఆ ఎత్తునే ఉన్నది. ఆడేవారు లేనప్పుడు ఆ లోకంలో కాలం నడవదట. మరొక వింత చూశాను. 2021 నవంబరు 30న వచ్చిన మార్పుతో ఆ లోకపు కొండల ఎత్తూ గుహల లోతూ పెరిగాయి. కాని మేము తిరిగిన మేర నేల పైన పాత పల్లమే ఉన్నది. మేము అడుగుపెట్టని చోటికి నడిస్తే అక్కడి నుంచి కొత్త కొండలు లేచాయి.

వెనుకవైపు తిరిగి చూస్తే నాకు తెలియని అర్ర ఒకటి కనిపించింది. లోపల ఒక మంచం, ఒక పుస్తకాల బీరువా, తలుపు పక్కన ఒక ఫలకం. దానిపై తెలుగులో "తాత అర్ర" అని ఉన్నది. ఆ తెరమీద ఒత్తు కిందికి చేరక విడివిడిగా నిలిచింది గాని, వ్రాయడంలో తప్పు లేదు. నేను మానేసిన తరువాత వాడు ఎప్పుడో ఒంటరిగా వచ్చి కట్టాడన్నమాట. వాడు ఆరున్నరకు వచ్చి నాకోసం చూసిన రోజులు కూడా ఉన్నాయేమో!

ఫోను చేసి అడిగాను. వాడిప్పుడు కారు నడపడం నేర్చుకుంటున్నాడు. కాసేపు ఆలోచించి, "గుర్తు లేదు తాతా" అన్నాడు. పిల్లలు అట్లాగే ఉండాలి. పిచ్చుకగూడు కట్టిన పిల్లవాడు సాయంత్రానికి దాన్ని మరచి ఇంటికి పోతాడు. గుర్తుపెట్టుకోవలసిన పని పెద్దవాళ్ళది.

ఇక నా అభిప్రాయం. ఆటలన్నీ ఒకటే, అన్నీ కాలహరణమే అని నావంటివారు అంటూ ఉంటాము. నేనూ అన్నాను. 2009లో ఫార్మ్‌విల్ అనే సేద్యపు ఆట వచ్చినప్పుడు మా పాఠశాలలో యువ ఉపాధ్యాయులు విరామవేళల్లో దానికోసం ఉరుకుతుంటే నవ్వాను. 2010 నాటికి నెలకు 8 కోట్ల మందికి పైగా ఆడిన ఆట అది. అందులో పంటను సకాలంలో కోయకపోతే ఎండిపోయేది. రానివారిని శిక్షించి రప్పించే పద్ధతి అది. 2020 డిసెంబరు 31న ఆ ఆట మూతపడింది. అన్ని కోట్ల మంది దున్నిన పొలాలలో ఒక్కటీ మిగలలేదు, ఎందుకంటే అవి దున్నినవారి చేతిలో ఎన్నడూ లేవు. మేము కట్టిన ఇల్లు మిగలడానికి కారణం దాని దస్త్రం మా అల్లుని దగ్గర ఉండటమే. కనుక పిల్లలు ఏ ఆట ఆడుతున్నారని అడిగేటప్పుడు రెండు ప్రశ్నలు వేయాలంటాను. రానినాడు అది శిక్షిస్తుందా? కట్టినది మన చేతికి వస్తుందా? ఈ రెండింటికీ సరైన జవాబు వస్తే ఆ పిల్లవాడిని కట్టుకోనివ్వండి, వీలైతే పక్కన కూర్చోండి.

అయితే ఇక్కడే ఒక మాట నాకు నేను చెప్పుకోవలసి ఉన్నది. ఆ లోకం చెక్కుచెదరకుండా ఉన్నదని మురిసిపోయాను గాని, నేను ఇన్నేళ్ళు వెళ్ళకపోయినా ఏమీ కాని ఇల్లది. మా నాన్నగారు ఏటా పెంకలు కప్పించిన ఇల్లు అటువంటిది కాదు. ఆయన కష్టం వల్లనే అది ఇల్లుగా నిలిచింది, నా నిర్లక్ష్యం వల్లనే కూలింది. ఆటలోని నకలు నా తప్పును చెరపలేదు. ఆ తప్పు ఎంత పెద్దదో కొలతలతో సహా చూపించింది. రామప్ప గుడి ఇసుక పునాది మీద ఎనిమిది వందల ఏళ్ళుగా నిలిచినందుకు అబ్బురపడతాము, 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినందుకు గర్విస్తాము. పక్కనే ఖిలాషాపూర్ కోటగోడ వానలకు రాలుతుంటే బస్సు కిటికీలోంచి చూసి పోతాము.

2014లో డెన్మార్కు ప్రభుత్వ సంస్థ తమ దేశం మొత్తాన్ని ఈ ఆటలో అసలు కొలతలతో నిర్మించి అందరికీ ఇచ్చింది. మనం దేశమంతా కట్టనక్కరలేదు. పాత ఇల్లు ఇంకా నిలిచి ఉన్నవారు ఈసారి పండుగకు వెళ్ళినప్పుడు ఒక టేపు పట్టుకొని వెళ్ళండి. అర్రలు, గడపలు, మొగురాలు కొలిచి పిల్లలకివ్వండి, వాళ్ళు కడతారు. కాని కొలిచిన తరువాత నిచ్చెన వేసి కప్పు ఎక్కి, పగిలిన పెంకలు మార్పించి మరీ రండి. వచ్చే సంవత్సరం చూద్దామనుకోకండి.

రేపు ఉదయం ఆరున్నరకు నేను ఆ గోధుమ కోయాలనుకుంటున్నాను. రమ్మని మనవడిని అడగలేదు, దస్త్రం మాత్రం వాడికీ ఒకటి పంపించాను. మీ ఇళ్ళలోని అర్రలకు, మొగురాలకు, గూళ్ళకు మీ ప్రాంతంలో వాడే పేర్లేమిటో కింద వ్యాఖ్యల్లో వ్రాయగలరు. పోగుచేసి ఉంచుతాను.